కాలవ పార్కు బండికి గార్డు

పోయిన మంగళవారం పొద్దున్నే నేను నా సైకిలు షాపు ముందు కూర్చుని, ఒక ట్యూబును నీళ్ళ బేసినులో ముంచి, బుడగ ఎక్కడినుంచి లేస్తుందా అని చూస్తున్నాను. మా ఆవిడ రాజ్యం వచ్చి నా వెనక నిలబడింది. ఆవిడ షాపు దగ్గరికి రావడం అరుదు. వచ్చి ఏమీ అనకుండా నిలబడడం అంతకన్నా అరుదు.

"కరుణానందంగారు పోయారంటండీ," అంది చివరికి. "కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారంట. నిద్ర పట్టిందనుకుని సుగుణమ్మగారు చేతిలో గ్లాసు తీసుకోబోతే వేళ్ళు విడవలేదంట."

నేను ట్యూబును నీళ్ళలోనే పట్టుకుని ఉండిపోయాను. ముందురోజు సాయంత్రం ఐదింటికి ఆ మనిషి ఎనిమిదిమంది పిల్లలను వెంటబెట్టుకుని మా షాపు ముందునుంచి వెళ్ళారు. ఆరున్నరకు అదే ఎనిమిదిమందితో తిరిగి వచ్చారు. అటువంటి మనిషి తెల్లవారేసరికి దివంగతుడు కావడమేమిటో నా బుద్ధికి అందలేదు. ఇవాళ్టికీ అందలేదు.

భూస్థాపన అయిన తర్వాత పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, తమ సంఘ మాసపత్రికకు ఆయన గురించి రాయమన్నారు. నేను ఆ సంఘంవాణ్ణి కాను. ఏడో తరగతి మధ్యలో బడికి సెలవు చెప్పి, మళ్ళీ అటు తిరిగి చూడనివాణ్ణి. ఆ సంగతే మనవి చేసుకున్నాను. "ఆరేళ్ళపాటు ఆయన్ని రోజూ ఏడిపించింది నువ్వే కదయ్యా సూరిబాబూ. నీ అంత దగ్గరగా చూసినవాడు మాలో ఇంకెవరున్నారు?" అన్నారాయన. ఏడిపించడం కూడా ఒక అర్హత కింద జమ అవుతుందని నాకు అప్పుడే తెలిసింది. కనుక ఈ వ్యాసంలో 'మహనీయుడు', 'పుణ్యమూర్తి' వంటి పెద్ద మాటలు పడవలసిన చోట పడకపోతే, తెలియక మానెయ్యలేదనీ, వింటే ఆయన నవ్వుతారన్న భయంతో మానుకున్నాననీ పాఠకమహాశయులు గ్రహించాలి.

కరుణానందంగారిది చల్లపల్లి దగ్గర ఒక పల్లె. మిషను బడిలో చదువుకుని, రైల్వేలో చేరి, గూడ్సు బండి గార్డుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశారు. పదవీ విరమణ తర్వాత వన్ టౌన్లో మా వీధి చివర రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నారు. కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయి ఒకరు గుడివాడలో, ఒకరు ఏలూరులో ఉన్నారు. ఇంట్లో ఆయన, భార్య సుగుణమ్మగారు. ఆయన సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవారు. ఎదురుగాలిలో చాలాకాలం నిలబడి, గాలి ఆగిపోయిన సంగతి ఎవరూ చెప్పని మనిషిలాగా. మొదటి నెలంతా అరుగు మీద కూర్చుని వీధిని చూశారు. మా వీధిలో చూడడానికేముంది? బస్తాలు, బస్తాలు మోసే తోపుడుబళ్ళు, తోపుడుబళ్ళ మధ్యనుంచి దూరే పిల్లలు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మూలంగా బడులు నెలల తరబడి మూతబడ్డ రోజులవి. పిల్లలు ఇళ్ళల్లో నిలవరు, వీధిలో నిలవడానికి చోటు లేదు. తల్లుల గొంతులు మధ్యాహ్నానికే బొంగురుపోయేవి. ఒకరోజు ఒక తోపుడుబండి చక్రం ఒక పిల్లాడి కాలి పక్కనుంచి వెళ్ళింది. కరుణానందంగారు అరుగు దిగి ఇంటింటికీ వెళ్ళి అడిగారు. "అమ్మా, పిల్లల్ని సాయంత్రంపూట కాలవ పార్కుకి తీసుకెళ్ళి తీసుకొస్తాను. పంపుతారా?"

పేరు కూడా సరిగ్గా తెలియని మనిషికి పిల్లలను ఎవరిస్తారు? వెనకాలే సుగుణమ్మగారు వచ్చి పూచీ పడ్డారు. "ముప్పై ఏళ్ళు సర్కారు సరుకు ఒక్క బస్తా పోకుండా చేర్చిన మనిషమ్మా. ఇంట్లో ఏదన్నా పోగొట్టాడేమోగానీ, బండి మీదది పోగొట్టలేదు."

ఆ పార్కుకు గేటు మీద ఏదో పెద్ద పేరే రాసి ఉంటుంది. మా వీధివాళ్ళకు అది కాలవ పార్కే. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, అటూ ఇటూ లేచే బల్ల ఒకటి, నాలుగు నిద్రగన్నేరు చెట్లు, చెట్ల అవతల ఇనుపతీగల కంచె, కంచె అవతల కాలవ, కాలవ మీద పొట్టి వంతెన. అంతే ఆస్తి. ఆ ఆస్తిని ఆయన ఆరేళ్ళపాటు ప్రతి సాయంత్రం పిల్లలకు కొత్తగా అప్పగించేవారు.

పిల్లలను నడిపించే పద్ధతి ఆయన తన వృత్తినుంచే తెచ్చుకున్నారు. అందరిలోకీ పెద్ద పిల్లవాడు ఇంజను. వాడి చొక్కా వెనక భాగం పట్టుకుని ఒకరు, వారి గౌను పట్టుకుని మరొకరు, ఇలా బండి తయారయ్యేది. అన్నిటికన్నా చివర విజిలు మెడలో, పచ్చజెండా, ఎర్రజెండా చేతుల్లో, గార్డుగారు. వీధి మలుపు దగ్గర ఆయన ఎర్రజెండా చాపితే రిక్షావాళ్ళు నిజంగానే ఆగేవారు. "ఏం మాయ చేశారండీ, పోలీసు చెయ్యి చూపిస్తే ఆగనివాళ్ళు," అని అడిగాను. "పోలీసు వాళ్ళని చూస్తాడు బాబూ. నేను జెండా చూపించి ఎటో చూస్తాను. ఎందుకు చూస్తున్నానా అని ఆగిపోతారు," అన్నారు.

జారుడుబల్ల విషయంలో ఆయన నిష్ఠ చూసినవారు మరిచిపోరు. ఎండాకాలంలో ఆ రేకు సాయంత్రం కూడా పెనంలా కాలుతూ ఉంటుంది. చేత్తో తాకి చూస్తే చాలదని ఆయన సిద్ధాంతం. తెల్ల ప్యాంటు వేసుకున్న అరవయ్యేళ్ళ మనిషి గంభీరంగా మెట్లెక్కి, కాళ్ళు చాపుకుని, వేలెడు మీసంతో జారి కిందికి వచ్చేవారు. వచ్చి, ఒక క్షణం ఆలోచించి, "లైను క్లియర్," అనేవారు. లేకపోతే, "ఇంకో పావుగంట," అనేవారు. ఆ పావుగంటా ఎందుకు ఆగాలో ఏ పిల్లవాడికీ వేరే చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. ఆయన నిలబడే తీరులోనే తెలిసేది. నేను ఊరుకుంటానా? "సుగుణమ్మగారూ, ఈ వారం ఎన్ని ప్యాంట్లు కాలిపోయాయి?" అని అడిగేవాణ్ణి. "ప్యాంట్లదేముంది నాయనా, కొనుక్కుంటాం. లోపల మనిషికి కూడా ఇస్త్రీ అయిపోతోంది," అనేవారావిడ.

పార్కులో ఆయన పిల్లలకు ఆటలు నేర్పలేదు. ఆడేవాళ్ళు ఆడుకునేవారు. కాని బయల్దేరేటప్పుడు ఒక ప్రశ్న ఇచ్చేవారు. తిరిగి వచ్చేలోగా ఎవరి కళ్ళతో వాళ్ళు చూసి జవాబు తేవాలి. ఉయ్యాల గొలుసులో ఏ కొక్కెం ముందు అరుగుతుంది, పైదా కిందిదా? ఉడత చెట్టు దిగేటప్పుడు తల ముందా, తోక ముందా? వర్షం పడ్డ మర్నాడు చీమలు ఇల్లు కట్టేది మిట్టమీదా, పల్లంలోనా? నా కూతురు పద్మ అప్పటికి అయిదేళ్ళది. రాత్రి అన్నం దగ్గర ఈ ప్రశ్నలు నన్నడిగేది. సైకిలు గొలుసుతో ఇరవై ఏళ్ళు సంసారం చేసినవాణ్ణి కనుక మొదటిదానికి జవాబు చెప్పాను. మిగిలినవాటికి దగ్గాను.

ఇక బోర్డు సంగతి. బండి అన్నాక చివరి పెట్టె వెనక బోర్డు ఉండాలన్నారు. ఎందుకని అడిగితే నాకిలా చెప్పారు. "బండి దాటుతుంటే స్టేషను మాస్టరు పెట్టెలు లెక్కపెడుతూ కూర్చోడు బాబూ. చివరి పెట్టెకి బోర్డుందా లేదా, అంతే చూస్తాడు. బోర్డు కనపడిందా, బండి మొత్తం వచ్చేసినట్టు. కనపడలేదా, ఏదో పెట్టె ఊడి వెనక లైను మీద ఉండిపోయినట్టు." నా దగ్గర సైకిళ్ళకు నంబర్లు వేసే ఎర్రరంగు ఉండేది. ఒక రేకుముక్క మీద 'చివరి పెట్టె' అని రాసి, తాడు కట్టి ఇచ్చింది నేనే. రోజుకొకరు దాన్ని వీపున తగిలించుకునేవారు. దానికోసం కొట్లాటలు కూడా జరిగేవి.

నా వంతు హాస్యం కూడా ఒకటి రోజూ ఉండేది. బండి తిరుగు ప్రయాణంలో మా షాపు దాటుతుంటే, తల ఎత్తకుండానే, "గార్డుగారూ, మా పెట్టెను ఏ స్టేషన్లో వదిలేశారు?" అని అరిచేవాణ్ణి. ఆయన, "కొండపల్లిలో సూరిబాబుగారూ, రేపు పంపిస్తామన్నారు," అనేవారు. 'మా పెట్టె' పద్మ వరసలోనే ఉండి నవ్వేది, మిగిలిన పిల్లలూ పడీపడీ నవ్వేవారు. ఏడాదిన్నరపాటు ఈ రెండు మాటలూ మారలేదు. పాతబడ్డకొద్దీ మాకు ఇంకా బాగుండేవి.

అలా సాగుతుండగా ఒకరోజు ప్రశ్న పడవ గురించి. ఇటుకలూ గడ్డీ వేసుకుని తెరచాప పడవలు కాలవలో వస్తూ ఉంటాయి కదా. "తెరచాప కట్టే కొయ్య అంత పొడుగుంది. వంతెన ఇంత కిందికుంది. పడవ ఎలా దాటుతుంది?" అని అడిగారట. ఆ సాయంత్రం పడవ రాలేదు. పొద్దు వాలింది. విజిలు వేశారు. పిల్లలు వరసకట్టారు. పద్మ ఆ రోజు నాలుగో పెట్టె. బండి కదిలిన తర్వాత, కంచె అవతల దూరంగా దానికి తెరచాప కనపడింది. అది ముందువాడి చొక్కా వదిలి పక్కకు తప్పుకుంది. దాని వెనకనున్న శీను ఏం చేశాడంటే, రెండడుగులు గబగబా వేసి ముందున్న చొక్కాను తను పట్టుకున్నాడు. బండి మళ్ళీ అతుక్కుంది.

కరుణానందంగారు ఈ లోపల గేటు దగ్గరికి వెళ్ళి స్టేషను మాస్టరులా నిలబడి ఉన్నారు. ఇంజను వచ్చింది. పెట్టెలు వచ్చాయి. చివర ఎర్ర అక్షరాల బోర్డు వచ్చింది. ముప్పై ఏళ్ళు నమ్మిన బోర్డు. ఆయన పచ్చజెండా ఊపారు.

మా షాపు ముందుకు వచ్చేసరికి నేను ఒక ఫోర్కు వంపు తీస్తున్నాను. "గార్డుగారూ, మా పెట్టెను ఏ స్టేషన్లో వదిలేశారు?" అన్నాను, తల ఎత్తకుండా. "కొండపల్లిలో సూరిబాబుగారూ," అని ఆయన సాగిపోయారు. మా ఇల్లు షాపుకు రెండిళ్ళ అవతల. గుమ్మంలో రాజ్యం నిలబడి ఉంది.

"పద్మేదండీ?" అంది.

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. మొగుడి హాస్యం పెళ్ళానికి కూడా అంటుకుందనుకున్నారు. "కొండపల్లిలో ఉందమ్మా. రేపు పంపిస్తారంట."

రాజ్యం నవ్వలేదు. "పద్మేదండీ?" అని మళ్ళీ అడిగింది. ఆయన బండిని చూశారు. ఒక్కొక్క మొహం చూశారు. చివరి పెట్టె వీపున బోర్డు అలాగే వేలాడుతోంది.

షాపు ముందు పదకొండు సైకిళ్ళుండగా నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. సైకిలనే వస్తువొకటి లోకంలో ఉందన్న సంగతే తోచలేదు. నా వెనక ఆయన అడుగులు వినబడుతున్నాయి. అరవయ్యో పడిలో పడ్డ మనిషి, చేతిలో ఎర్రజెండా విప్పుకుపోయి, నా వెంట పరిగెత్తారు. దారిలో కాలవ అన్న మాట ఇద్దరి నోటా రాకుండా ఉండడానికి ఇద్దరం పళ్ళు బిగించాం.

పార్కులో ఎవరూ లేరు. కంచెలో ఒకచోట తీగ వంగి ఉంది. అవతల, గట్టు మీద, తోటమాలి అప్పన్న గొంతుకు కూర్చుని ఉన్నాడు. అతని పక్కన పద్మ. అతను దాని గౌను అంచును పిడికిట్లో గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"ఈ పిల్ల రానంటందయ్యా," అన్నాడు మమ్మల్ని చూసి. "పడవ దాటాకే వత్తానంది. లాక్కొస్తే గోలెడతంది. అందుకని గౌను పట్టుక్కూకున్నా."

పద్మ నన్ను చూడలేదు. నా పక్కనుంచి ఆయన్ను చూసింది. "తాతయ్యా, కొయ్యని పడుకోబెట్టేశారు," అంది.

కరుణానందంగారికి ఊపిరి అందడం లేదు. అయినా ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట ఇది: "ముందుకా తల్లీ, వెనక్కా?"

"వెనక్కి. ఇద్దరు పట్టుకున్నారు."

ఆయన ఆ గట్టు మీదే కూలబడిపోయారు. నేను పిల్లను భుజాన వేసుకుని ఆయన వైపు చూడకుండా ఇంటికి నడిచాను. ఇరవై అడుగుల వెనకాల, జెండాలు రెండూ చుట్టి చంకలో పెట్టుకుని, ఆయన వచ్చారు.

ఇంటి దగ్గర శీనును నిలదీస్తే, వాడు నిబ్బరంగా చెప్పాడు. "పద్మ వదిలేసి ఎల్లింది. నేను ముందోణ్ణి పట్టుకున్నా. తాత నన్నడగలా, బోర్డునే చూశాడు."

మర్నాడు విజిలు మోగలేదు. మోగినా పంపేవారు లేరు. తల్లులందరూ ఒకే మాట మీద ఉన్నారు: తప్పిపోయిన పిల్ల ఇంటివాళ్ళు పంపితే మేమూ పంపుతాం, లేకపోతే లేదు. అంటే ఆ పెద్దమనిషి మళ్ళీ పిల్లలతో పార్కు గేటు దాటాలా వద్దా అన్నది మా ఇంటి గుమ్మం మీద ఆధారపడి ఉంది. మా గుమ్మంలో రాజ్యం ఉంది. "కాలవ పక్కనండీ. ఇంక నాతో ఏం మాట్లాడకండి," అంది. నాకూ కోపంగానే ఉంది. అయితే ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను.

పదో రోజున సుగుణమ్మగారు షాపుకు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ముప్పై ఏళ్ళు ఇంట్లో ఉండేవాడు కాదు నాయనా. ఇప్పుడు ఇంట్లోంచి కదలటంలేదు. రెండూ నేనే పడాలా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "సాయంత్రం అయిదింటికి బూట్లు వేసుకుంటాడు. ఆరున్నరకి విప్పేస్తాడు. మధ్యలో ఆ కుర్చీలో కూర్చుంటాడు. నువ్వొకసారి వచ్చి ఏడిపించిపో," అన్నారు.

వెళ్ళాను. ఆయన బూట్లతోనే కూర్చుని ఉన్నారు. నేను ఏడిపించలేదు. "గార్డుగారూ, తప్పు నాది కూడా ఉందండీ," అన్నాను. "ఏడాదిన్నరగా ఆ మాట అరిచి అరిచి, దానికి విలువ లేకుండా చేశాను. ఆ రోజు ఒక్కసారి తల ఎత్తి చూసుంటే, ఒక్క నిమిషం ముందన్నా తెలిసేది."

"మీ తప్పు కాదు బాబూ. గార్డుని నేను." వంగి బూటు లేసు బిగించి, మళ్ళీ అన్నారు. "నేను దాన్ని గురించే ఆలోచిస్తన్నా. పెట్టె ఊడితే దాని వెనక పెట్టెలన్నీ ఆగిపోతాయి. అందుకే బోర్డు రాదు. పిల్లలు అట్లా కాదు. ఒకళ్ళు పోతే వెనకున్నోళ్ళు ముందోళ్ళని పట్టేసుకుంటారు. బోర్డు వచ్చేస్తుంది. ఈ సంగతి నాకు తెలీలా. ముప్పై ఏళ్ళు ఇనప పెట్టెలే కదా."

అంత బాధలోనూ ఆయన దాన్ని ఒక వింతలాగానే పరిశీలిస్తున్నారు. అప్పుడు నాకు మొదటినుంచీ ఉన్న అనుమానం అడిగేశాను. మీకు మనవలున్నారు, గుడివాడ దూరం కాదు, పొరుగువాళ్ళ పిల్లల మీద ఈ మోజేమిటండీ అని.

ఆయన సమాధానాన్ని నాకు చేతనైనంత ఉన్నదున్నట్టు రాస్తాను. "గూడ్సు బండిలో గార్డు చివర ఒక్కడే ఉంటాడు బాబూ. లైను పొడుగునా ఊళ్ళొస్తాయి. ఊరి చివర పిల్లలు బండి చూట్టానికి పరిగెత్తుకొస్తారు. ఇంజను దాటిపోతుంది, పెట్టెలు దాటిపోతాయి, చివరికి నేనొస్తాను. చెయ్యి ఊపుతారు. నేనూ ఊపుతాను. ఏదో అరుస్తారు, వినపడదు. బండి ఆగదు. ఆగదంటే, ఆగుద్దిలెండి, గంటలు గంటలు ఆగుద్ది, ఎక్కడో చేల మధ్య, మనిషనేవాడు లేని చోట. పిల్లలున్న చోట ఒక్కనాడూ ఆగలా. ముప్పై ఏళ్ళు చెయ్యి ఊపా. ఒక్కళ్ళ పేరు తెలీదు. వాళ్ళేం అరిచారో ఒక్కటీ తెలీదు. మా పిల్లలన్నా అంతే, నేనొచ్చేసరికి నిద్రపోతా ఉండేవాళ్ళు."

ఆరున్నరయింది. ఆయన వంగి బూట్లు విప్పుకున్నారు.

ఇంటికి వచ్చి రాజ్యానికి ఇదంతా చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది. మర్నాడు సాయంత్రం అయిదింటికి చెప్పులు తొడుక్కుని, పద్మ చెయ్యి పట్టుకుని, వాళ్ళ అరుగు ముందుకు వెళ్ళి నిలబడింది. "పంపుతానండీ. కాని ఇవాళ నేనూ వస్తాను," అంది. ఆ వీధిలో ఎనిమిదేళ్ళు కాపురం చేసి, రాజ్యం ఆ పార్కు గేటు లోపల అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఏం చూసిందో, ఎలా చూసిందో నేను ఎరగను. రాత్రి అన్నం వడ్డిస్తూ ఉన్నట్టుండి అడిగింది. "ఏవండీ, నిద్రగన్నేరు ఆకులు మూసుకునేటప్పుడు కొమ్మ చివరినుంచి మొదలుపెడతాయా, మొదటినుంచా? రేపు నేను సరిగ్గా చూడాలి." పద్మ విషయం ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

ఆ వారంలోనే పిల్లలందరూ తిరిగి వచ్చారు. కాని బోర్డును ఆయన మళ్ళీ వాడలేదు. కొత్త పద్ధతి పెట్టారు. గేటు దగ్గర ఒక్కొక్కరే ఆగాలి. ఆ రోజు తను చూసినదాన్ని ఒక్కటి ఆయన చెవిలో చెప్పాలి. చెప్పినవాళ్ళే బయటికి వచ్చినట్టు. చెప్పనివాళ్ళు ఇంకా పార్కులో ఉన్నట్టే లెక్క, ఎదురుగా నిలబడి ఉన్నా సరే. దీనికి పది నిమిషాలు పట్టేది, ఒక్కోసారి పావుగంట. ఆయన ఒక్కరినీ తొందరపెట్టలేదు. నడుం వంచి, చెవి ఒగ్గి, మాట తర్వాత మాట వినేవారు. అప్పటినుంచి నాలుగేళ్ళు, ఎండాకాలమైనా చలికాలమైనా, ముసురు పట్టిన రోజులు తప్ప, ఆ గేటు దగ్గర ఆయన నడుం వంగని సాయంత్రం లేదు. ఆ చెవిలో ఎన్ని సంగతులు పడ్డాయో లెక్కగట్టగలవారెవరు? ఆయన వంగి ఉండేది ఎదురుగాలి వల్ల అని నేను పైన రాశాను. చివరి నాలుగేళ్ళూ మాత్రం కారణం అది కాదు.

నా పాత హాస్యం మాటా చెప్పాలి. ఆ రోజునుంచి దాన్ని నేను మానేశాను. ఒక నెల చూసి ఆయనే షాపు ముందు ఆగారు. "సూరిబాబుగారూ, మీరేం అడగటంలేదు. నేను కొండపల్లి పోవటం మానేశాననుకుంటున్నారా?" అన్నారు. "అడుగుతానండీ, తలెత్తి అడుగుతాను," అన్నాను. ఆ తర్వాత నాలుగేళ్ళు రోజూ తలెత్తి, పిల్లలను లెక్కపెట్టి, అప్పుడు అడిగేవాణ్ణి. హాస్యానికి పదును తగ్గిందని పిల్లలు గొణిగేవారు.

ఇవాళ శనివారం సాయంత్రం, అంటే భూస్థాపన అయిన మూడోనాడు, అయిదింటికి ఎనిమిదిమంది మా షాపు ముందు వరసగా నిలబడ్డారు. ఎవరూ రమ్మనలేదు. ఇప్పుడు తొమ్మిదేళ్ళ పద్మ ఇంజను. "నాన్నా, నువ్వు రా," అంది. సుగుణమ్మగారు అరుగు మీదనుంచి చూస్తున్నారు. నేను చేతులు తుడుచుకుని లేచాను.

చెప్పుకోవలసింది ఏమిటంటే, నేను పొరపాటేమీ చెయ్యలేదు. మలుపు దగ్గర ఆపాను. జారుడుబల్ల తాకి చూశాను. జారలేదు, అంత నిష్ఠ నాకు లేదు. తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర ఒక్కొక్కరినీ ఆపి, చెవి ఒగ్గి, విన్నాను. ఏడుగురు చెప్పారు. ఎనిమిదోవాడు మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళ పిల్లాడు, నాలుగేళ్ళవాడు. వాడు సంగతి చెప్పడానికి బదులు నన్నే అడిగాడు. "తూనీగ పడుకునేటప్పుడు కళ్ళు మూస్తదా?"

పొద్దు పోతోంది. షాపు తెరిచి వదిలేసి వచ్చాను. "ఆఁ, మూస్తుంది. పద," అన్నాను.

వాడు తల ఊపి, బయటికి వచ్చి, ముందువాడి చొక్కా పట్టుకున్నాడు. దారిలో వాడు మళ్ళీ తూనీగల వైపు చూడలేదు. జవాబు వచ్చేసింది కదా.

కొంతదూరం నడిచాక ఇంజను వెనక్కి తిరిగింది. "నువ్వు చూశావా నాన్నా?"

"ఏంటి?"

"తూనీగ కళ్ళు మూయడం."

చూడలేదని చెప్పాను. "తాతయ్యయితే తెలీదనేవాడు," అంది పద్మ. కోపంగా అనలేదు, నాకు పద్ధతి చెబుతున్నట్టు అంది. "తెలీదు, నాక్కూడా చూడాలని ఉంది అనేవాడు. అప్పుడందరం ఆగేవాళ్ళం."

ఎనిమిదిమందినీ ఎవరి గుమ్మంలో వారిని దించాను. ఒక్కరూ తగ్గలేదు. తల్లులు సంతోషించారు. నాకు మాత్రం పిల్లాడొకణ్ణి ఎక్కడో వదిలేసి వచ్చినట్టే ఉంది.

రేపు ఆదివారం. సాయంత్రం వాణ్ణి కాలవగట్టు దగ్గరికి తీసుకెళ్ళి, నాకు తెలియదని ఒప్పుకుని, వాడితోపాటు గడ్డిలో కూర్చోవాలి. నా వయసుకు మోకాళ్ళు సహకరించినా, నోరు సహకరిస్తుందో లేదో చెప్పలేను. ముప్పై ఏళ్ళుగా ప్రతిదానికీ తడుముకోకుండా జవాబు చెప్పడమే తెలివనుకుని బతికినవాణ్ణి. కరుణానందంగారి స్థానంలో నిలబడే అర్హత నాకు లేదు, మా వీధిలో ఎవరికీ లేదు. అయినా అయిదింటికి పిల్లలు వచ్చి నిలబడతారు కనుక ఎవరో ఒకరు లేవాలి.

ఆయన ఆత్మకు నిత్యవిశ్రాంతి కలగాలని పాస్టరుగారు ప్రార్థించారు. పెద్దలు చేసిన ప్రార్థనకు అడ్డు చెప్పను. కాని ఆయనకు విశ్రాంతి ఎలా ఉంటుందో ఆ పదో రోజున కళ్ళారా చూసినవాణ్ణి నేను. బూట్లు వేసుకుని ఊరికే కూర్చుంటారు. ఆయన వెళ్ళిన చోట చూడవలసినవి ఇంకా ఉండాలనీ, అడిగేవాళ్ళు చిన్నవాళ్ళయి ఉండాలనీ చేతులు జోడించి వేడుకుంటున్నాను.